వంగని చోటు వెతికిన బావ

మా బావ పోయిన కబురు నాకు ఒక టిప్పరు కింద పడుకుని ఉండగా వచ్చింది. కొత్తవలస నుంచి శృంగవరపుకోట వెళ్ళే రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు ఉంది. ఆ ఉదయం అక్కడ టిప్పరు ఛాసిస్‌కు పట్టిన మట్టి గీకుతున్నాను. బయట బల్ల మీద ఫోను మోగింది. వెల్డింగు చేసే మనిషి తీసి విన్నాడు. వంగి నా వంక చూసి, "మీ అప్ప" అని మాత్రం అన్నాడు. నేను పాక్కుంటూ బయటికి వచ్చి అందుకునేసరికి అవతల అప్ప ఏడవడం లేదు.

"ఎల్లిపోనాడే. కాఫీ పట్టుకొచ్చి సూసీసరికి లేడు" అంది.

మా అక్కను మేం అప్ప అంటాం. ఆమె భర్త మా బావ. లారీలూ బస్సులూ వ్యాన్లూ గుద్దుకుని వంకరపోతే వాటి ఛాసిస్ సరిచేయడం ఆయన పని. ఛాసిస్ అంటే బండికి వెన్నెముక అని అందరూ అంటారు గానీ ఆ మాట బావకు నచ్చేది కాదు. "ఎన్నుముక ఇరిగితే మనిసి లెగడు. సాసీ ఒంగినా బండి నడిసిపోతాది. అదే దాంతో బయ్యం" అనేవాడు.

ఆయన నెలల తరబడి మంచంలోనే ఉన్నాడు కాబట్టి ఆ కబురు ఎప్పుడో ఒకరోజు వస్తుందని మాకు తెలుసు. అయినా ఆ పూట చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి, మట్టి చేతులతోనే వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఎవరూ వద్దనలేదు.

నేను పుట్టుకతో మెకానిక్కును కాను. జాకెట్లు కుట్టుకునేదాన్ని. పెళ్ళై కొత్తవలస వచ్చాక, అప్ప ఇంటికి రెండు వీధుల అవతల మిషను పెట్టుకున్నాను. ఒకరోజు బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఒసే మరదలా, నువ్వు గుడ్డ కొలుస్తావు కదేటి?"

"కొలుస్తాను. ఏటి బావా, సొక్కా కుట్టాలా?"

"ఇనుము కొలవాల. నాతోటి రా. నేను సూసింది నువ్వూ సూడాల. నా ఒక్కడి కన్ను సాలదు."

షెడ్డులో మనుషులు లేరా అంటే ఉన్నారు. కానీ వాళ్ళంతా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. ఆయన ఔనంటే ఔనంటారు. "నువ్వైతే నాకు ఎదురు సెప్తావు" అన్నాడు. అది నిజమే. పొద్దున్న జాకెట్లు, మధ్యాహ్నం షెడ్డు అనుకుని మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు మిషను మీద గుడ్డ కప్పేశాను.

ఆ పని ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. గుద్దుకున్న బండిని తెచ్చిన యజమాని ముందుగా వంగిన చోటు చూపిస్తాడు. బావ అటు తిరిగేవాడే కాదు. బండి కింద దూరి, దెబ్బ తగలని చోటు ఎక్కడ మిగిలిందో వెతికేవాడు. ఛాసిస్‌లో రెండు పొడవాటి ఇనుప ఛానెళ్ళుంటాయి. తయారుచేసినప్పుడే వాటికి అటూ ఇటూ జతలు జతలుగా బెజ్జాలు వేస్తారు. దెబ్బ అందని జతలను పట్టుకుంటే, వాటి నుంచి మిగతా బండినంతా కొలవచ్చు. ఆ బెజ్జాల్లోంచి, మేస్త్రీలు గోడకు పట్టే తూకం గుండు లాంటిదాన్ని దారంతో వేలాడదీసి, అది చూపిన చోట గచ్చు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవాళ్ళం. గుర్తుల నడిమి నుంచి దారం లాగితే అదే బండి మధ్యగీత. ఆ గీత నుంచి అటెంత, ఇటెంత, ఈ మూల నుంచి ఆ మూలకి ఎంత అని కొలుచుకుంటూ పోతే, ఎటు ఎంత జరిగిందో దానంతటదే తెలుస్తుంది. ఆ తర్వాతే చైన్లు, జాకీలు, గ్యాసు మంట.

"ఒంగినదాన్ని సూసి ఒంపు కొలవకే. ఒంగనిది ఏదో ముందు ఎతుకు" అనేవాడు.

ఆ వెతకడానికే ఆయనకు చాలాసేపు పట్టేది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, వైరు బ్రష్షుతో రంగంతా గీకి, ఇనుము తెల్లగా కనపడ్డాక చిటికెన వేలు బెజ్జంలో పెట్టి అంచు చుట్టూ తిప్పేవాడు. ఫ్యాక్టరీలో వేసిన బెజ్జం అంచు నున్నగా ఉంటుంది. తర్వాత ఎవరో ట్యాంకు కోసమో పెట్టె కోసమో వేసుకున్నదైతే గరుకుగా తగులుతుంది. ఆయన చూశాక నన్నూ చూడమనేవాడు. బాగుందంటే, "మళ్ళీ సూడు" అనేవాడు. యజమానులు బయట నిలబడి గొణుక్కునేవారు. ఒకసారి రాళ్ళ లారీ ఆయన కేకలే వేశాడు. "ఏటయ్యా, రంగు గీకడానికే తీసుకొచ్చీనానా బండి?"

"గీకనీ బాబూ. రంగు కింద ఏటున్నాదో నీకూ తెల్దు, నాకూ తెల్దు" అన్నాడు బావ, తల బయటికి పెట్టకుండానే.

ఆ చిటికెన వేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉండేది. అన్నం దగ్గర అప్ప రోజూ తిట్టేది. ఆయన రోజూ నిమ్మచెక్కతో రుద్దుకునేవాడు. నలుపు పోయేది కాదు. కూతురి పెళ్ళి పందిరి వేస్తున్నప్పుడు, గుంజలు మూలమట్టానికి లేవని పసుపుతాడు పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు కొలుస్తూ కూర్చున్నాడు. "అది సాసీ కాదు బావా, రేపటికి పీకీస్తారు" అన్నాను. "రేపటి దాకా పిల్ల దాని కిందే ఉంటాది కదే" అన్నాడు. పందిరి వేసేవాళ్ళు నవ్వుకుంటూ గుంజ పీకి మళ్ళీ పాతారు. ఆయన మాత్రం నవ్వలేదు.

మనిషికి ఇంత భయమేమిటని నాకు అనిపించేది. ఒకరోజు పప్పు రుబ్బుతూ అప్ప చెప్పింది. మిగతాది తర్వాత కొంచెం కొంచెంగా బావే చెప్పాడు.

బావకు ఒక నేస్తం ఉండేవాడు. మా వైపు నేస్తమంటే ఉత్త స్నేహితుడు కాదు. నలుగురి ముందు బట్టలు పెట్టుకుని కట్టుకున్న బంధం అది. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే లారీకి క్లీనర్లు. ఒకే పళ్ళెంలో తిన్నారు, ఒకే దుప్పటి కప్పుకున్నారు. తర్వాత బావ ఈ పని నేర్చుకుని కొత్తవలసలో షెడ్డు వేశాడు. నేస్తం తన ఊరు భావనపాడు వెళ్ళిపోయి, పాత మినీ లారీ ఒకటి కొని ఐసు పెట్టిన చేపలు విజయనగరం వైపు తోలేవాడు. ఇటు వచ్చిన ప్రతిసారీ అప్పకు చేపలు దించకుండా వెళ్ళేవాడు కాదు.

ఒక వేసవిలో ఆ లారీ కల్వర్టుకు గుద్దుకుని ముందు భాగం వంగింది. సహజంగానే బావ దగ్గరికే తెచ్చాడు. వేసవిలో సముద్రంలో చేపల వేటకు వెళ్ళకూడదని సర్కారు ఆంక్ష కదా, ఆ గడువు ముగిసి పడవలు దిగే రోజులు దగ్గరపడుతున్నాయి. "బేగి ఇచ్చీ నేస్తం, తొలి సరుకు నాదే కావాల" అన్నాడు. బావ త్వరగానే ఇచ్చేశాడు. తూకం గుండు వేలాడదీసిన బెజ్జాల దగ్గర రంగు బాగానే ఉంది. దాన్ని గీకలేదు.

వానలు పడ్డాక, నరసన్నపేట దాటిన చోట ఆ లారీ రోడ్డు దిగి పల్టీ కొట్టింది. నేస్తం కాలు స్టీరింగు కింద నలిగిపోయింది. విశాఖపట్నం తీసుకెళ్ళారు. మోకాలి కింద తీసేశారు.

కబురు తెలియగానే బావ బయలుదేరాడు. అయితే ఆసుపత్రికి వెళ్ళకుండా ముందు లారీని పెట్టిన చోటికి వెళ్ళాడు. ఎందుకలా చేశాడో ఆయనకే తెలియదు. "కాళ్ళు అటే తీసుకుపోనాయి" అనేవాడు. పక్కకు పడేసి ఉన్న ఆ బండి దగ్గర కూర్చుని, తను నమ్మిన బెజ్జం చుట్టూ రంగు గీకాడు. కింద వెల్డింగు మచ్చ కనపడింది. ఎప్పుడో ఎవరో అసలు బెజ్జాన్ని పూడ్చేసి, దాని పక్కన మరొకటి వేసి, రంగు పూసేశారు. బావ లాగిన మధ్యగీత ఆ తప్పు బెజ్జం నుంచి పుట్టింది.

ఆయన అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళలేదు. తిరిగి ఇంటికి వచ్చేశాడు.

బండి ఎందుకు పడిందో ఎవరికీ తెలియదు. ఆవు అడ్డం వచ్చిందని చూసినవాళ్ళు చెప్పారు. వానలో రోడ్డు జారింది. చిన్న తేడా ఉన్న ఛాసిస్‌తో ఏళ్ళ తరబడి తిరిగే లారీలు బోలెడున్నాయని బావకు అందరికన్నా బాగా తెలుసు. అయినా నేనే చేశాననుకున్నాడు. అప్ప పోరింది. "ఎల్లి సూసి రా. ఏటంటాడు? తిడితే తిట్టించుకో" అంది. రేపు అన్నాడు. పై వారం అన్నాడు. ఆలస్యమయ్యేకొద్దీ, ఇన్నాళ్ళకు ఏ మొహం పెట్టుకుని వెళ్ళేదన్నాడు. అలా ఏళ్ళు గడిచాయి.

తీరం వైపు నుంచి బండ్లు వస్తే మాత్రం బావ పని ఆపేసేవాడు. డ్రైవరుకు తనే టీ తెప్పించేవాడు. అటూ ఇటూ మాట్లాడి, చివరికి మామూలుగా అడుగుతున్నట్టు, "మా నేస్తం ఉన్నాడు బావనపాడులో. ఎలగున్నాడు?" అనేవాడు. ఆ డ్రైవర్ల మాటల వల్లే మాకు అన్నీ తెలిసేవి. పెట్టుడు కాలు ఇచ్చినా తొడుక్కోవడం లేదని, కొడుకు పడవ మీద వెళ్తున్నాడని, కొత్తగా కట్టుకున్న ఇంటికి రోడ్డు వైపు అరుగు పెట్టించుకుని సాయంత్రాలు అక్కడే కూర్చుంటాడని. "నేస్తం ఎలగున్నాడని ఆయనా అడిగినాడు" అని కొందరు చెప్పేవారు. ఆ రోజు బావ అన్నం రెండుసార్లు పెట్టించుకునేవాడు.

ఒకసారి నేస్తం కూతురి పెళ్ళికి శుభలేఖ వచ్చింది. బావ దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు. ఈసారి వెళ్తున్నాం అన్నాడు. పెళ్ళికూతురికి పట్టుచీర తనే ఎంచాడు. అప్పా, నేనూ, బావా బస్సెక్కాం. దారిపొడవునా హుషారుగా ఉన్నాడు. క్లీనరు రోజుల్లో ఇద్దరూ ఎక్కడెక్కడ టైర్లు మార్చారో కిటికీలోంచి చూపించాడు. టెక్కలిలో దిగి బస్సు మారాలి. అక్కడ బెంచీ మీద కూర్చున్నాడు.

"లెగు, బస్సొచ్చినాది" అంది అప్ప.

"రద్దీగున్నాది. ఎనకది ఎక్కుదాం."

వెనకది ఖాళీగానే వచ్చింది. బావ దాన్ని చూశాడు, లేవలేదు. కండక్టరు ఊరి పేరు అరిచి అరిచి వెళ్ళిపోయాడు.

"ఏటి బావా? ఆయన్ని సూడ్డానికే కదా ఒచ్చినాం" అన్నాను.

"కూతురి పెళ్ళిపందిట్లో ఆడు కర్రేసుకుని తిరుగుతుంటే నేనెలగ సూసీదే?" అన్నాడు. ఆయన మొహం నేను ఎన్నడూ చూడని మనిషి మొహంలా ఉంది.

అప్ప బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. చివరికి అదే పెళ్ళికి వెళ్తున్న ఒకామె కనపడితే చీర ఆమె చేతిలో పెట్టి మేం వెనక్కి వచ్చేశాం.

చీర చేరింది. దాంతోపాటు మేం టెక్కలి దాకా వచ్చి తిరిగిపోయిన మాట కూడా చేరింది. ఆ తర్వాత తీరం నుంచి ఎంతమంది డ్రైవర్లు వచ్చినా, నేస్తం అడిగాడని ఒక్కరూ చెప్పలేదు. బావ టీలు తెప్పించడం మానలేదు. కొన్నాళ్ళకు ఆ ప్రశ్న అడగడం మానేశాడు.

తర్వాత ఒక ఉదయం పెరట్లో మొహం కడుక్కుంటూ ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. నోట్లోంచి శబ్దం వచ్చేది గానీ అది మాటయ్యేది కాదు. షెడ్డు నా మీద పడింది. సాయంత్రం వెళ్ళి ఆ రోజు ఏ బండి వచ్చిందో, ఏ బెజ్జాలు పట్టుకున్నానో చెప్పేదాన్ని. శ్రద్ధగా వినేవాడు. తొందరపడ్డానని అనిపిస్తే ఎడమచేతితో మంచంపట్టె మీద కొట్టేవాడు. మర్నాడు వెళ్ళి మళ్ళీ చూసేదాన్ని.

ఒకరోజు చేపల బండి డ్రైవరు చేత నేస్తానికి నేనే కబురు పంపాను. ఎవరికీ చెప్పలేదు. వస్తాడన్న ఆశా లేదు. కొన్నాళ్ళకు పొద్దున్నే వీధిలో ఆటో ఆగింది. కొడుకు చెయ్యి అందిస్తే వద్దని, చంకకర్ర ఆసరాతో ఒక నల్లటి పెద్దమనిషి దిగాడు. అప్ప గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏడీ ఆడు?" అన్నాడు.

లోపలికి వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. బావ ఆయన్ని చూసి గోడ వైపు తల తిప్పుకున్నాడు.

"ఇటు కాసి సూడరా" అన్నాడు నేస్తం. "ఇంత దూరం ఒచ్చినాను, గోడకి మొహం పెట్టీసుకుంటావేటి? టెక్కలి దాకా ఒచ్చి ఎనక్కెల్లిపోనావంట. ఆ యేళ నిన్ను సంపీయాలన్నంత కోపమొచ్చినాది నాకు."

బావ గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది.

"కాలు గురించి కాదురా. ఆవొచ్చినాదో, బండి గుంజినాదో, నాకూ తెల్దు. మా ఇళ్ళల్లో సముద్రంలోకెల్లి మొత్తం మనుసులే రానేదు, కాలు పోతే ఏడుస్తానేటి? ఆసుపత్రిలో తొంగొని తలుపు కాసే సూసినాన్రా. ఎవులొచ్చినా నువ్వేననుకున్నాను. ఇంటికొచ్చినాక రోడ్డు కాసి సూసినాను. అరుగేటికి కట్టించినాననుకున్నావు?"

వంటింటి గుమ్మంలో అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి బావ తల ఇటు తిప్పాడు. ఎడమచెయ్యి చాపి గాల్లో ఏదో వెతికాడు. నేస్తానికి అర్థమైంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, లుంగీ పైకి లాగి, మోకాలి కింద తెగిన చోట ఆ చేతిని తనే పెట్టుకున్నాడు.

"సూడు. బాగా సూడు. ఎప్పుడో మానిపోనాది" అన్నాడు.

బావ చెయ్యి ఆ అంచు చుట్టూ మెల్లగా తిరిగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. కళ్ళవెంట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. నోరు తెరిచి ఏదో అన్నాడు. నాకు తెలియలేదు, అప్పకూ తెలియలేదు.

"ఏటన్నాడు?" అంది అప్ప.

"అన్నాడులే. నాకు తెలిసినాది" అన్నాడు నేస్తం. అదేమిటో ఇప్పటికీ చెప్పలేదు.

కొన్ని రోజులు మా దగ్గరే ఉండిపోయాడు. తనే బావకు గడ్డం గీశాడు, రాగులతో కాచిన చోడంబలి తాగించాడు. తాగకపోతే బూతులు తిట్టాడు. అప్ప వంటింట్లోంచి వింటూ నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలాకాలమైంది. తన మనవరాలికి జ్వరమని కబురొస్తే వెళ్తూ, "మళ్ళీ ఒస్తాను, ఈసారి పండుగప్ప సేప తెస్తాను" అన్నాడు. బావ ఎడమచెయ్యి ఎత్తాడు. ఆ తర్వాత ఒకరినొకరు చూసుకోలేదు.

బావ గురించి రాయమని షెడ్డుకొచ్చే యజమానులే కొందరు అడిగారు. ఆయన సరిచేసిన బండ్ల గురించి రాస్తానని వాళ్ళు అనుకుని ఉంటారు. అవి ఇంకా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. ఎదురైతే వెనక నుంచి చూస్తాను. ముందు చక్రాల జాడలోనే వెనక చక్రాలు వెళ్తుంటాయి. అది చూసి సంతోషించిన మరుక్షణమే ఆ అరుగు గుర్తొస్తుంది. అన్ని సాయంత్రాలు అక్కడ ఇద్దరు కూర్చోవలసింది, ఒకరే కూర్చున్నారు. ఇటు మా ఇంటి వాకిట్లోనూ ఒకరే కూర్చున్నారు. నడుమ ఉన్నది ఒక పూట బస్సు ప్రయాణం. ఆయన నాకు నేర్పిన దేనికీ నేను తిరిగి ఇవ్వగలిగింది లేదు. ఆ బెంచీ మీంచి ఆయన్ని లేపి బస్సెక్కించగలిగి ఉంటే ఎంత బాగుండేదో అని మాత్రం అనుకుంటాను.

అస్థికలు గోస్తనిలో కలుపుదామని పెద్దలు అన్నారు. దినాలకు వచ్చిన నేస్తం అప్ప ముందు నిలబడి, "సెల్లీ, ఒక్కసారైనా మా ఊరు రానీ ఆడిని" అన్నాడు. అప్ప కాదనలేదు.

కారులో టెక్కలి దాటుతున్నప్పుడు ఎవరం కిటికీలోంచి బయటికి చూడలేదు. భావనపాడులో ఇసుక మీద నేస్తం కొడుకు అప్ప అల్లుడి చెయ్యి పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళాడు. అస్థికలు కలపడం అయిపోయింది. అందరం తిరిగి కారు వైపు నడిచాం. నేస్తం రాలేదు. "మీరెల్లండి, ఒస్తాను" అని తడి ఇసుకలో కూలబడ్డాడు.

దూరం నుంచి చూస్తూ నిలబడ్డాం. పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు కేకలేసుకుంటూ పడవల వైపు పరుగెడుతున్నారు. ఆయన దగ్గరికి రాగానే రెండుగా చీలి, ఆయన్ని దాటాక మళ్ళీ కలిసిపోతున్నారు. ఆయన ఎవరినీ చూడటం లేదు. సముద్రం వైపు తిరిగి, ఒక చెయ్యి ఊపుకుంటూ, ఆగకుండా ఏదో చెబుతున్నాడు. గాలి మా వైపే వీస్తోంది గానీ మాటలు మాకు అందలేదు. మధ్యలో ఒకసారి నవ్వాడు. మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.